పడని బల్లి

ఆ ఉదయం మొగులయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. పాలకోసం జనం రాకముందే దుకాణం మీద కొత్త ఫ్లెక్సీ కట్టించాలి. నేటి నుంచి మొగులయ్య డెయిరీలో పెరుగు కూడా దొరుకుతుందని కిషన్‌బాగ్ బస్తీకి తెలియజేయాలి. ఆ తర్వాత కూర్చుని, పాలు పోయని చాయ్ ఒకటి తాగాలి. భార్య శారదమ్మ రాత్రే పెద్ద కుండలో తోడు పెట్టి ఉంచింది.

ఫ్లెక్సీకి మాటలు రాసింది కూతురు పూజిత. ఆమె కాలేజీలో కమ్యూనికేషన్ చదువుతోంది. ఆ చదువేమిటో మొగులయ్యకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఎవరైనా అడిగితే "మాట్లాడుడు చదువుతుంది" అనేవాడు. "గదానికి కాలేజీ ఎందుకన్నా? మా అత్త దగ్గరికి తోలియ్యి" అని ఎవరో ఒకరు నవ్వేవారు. ఆ నవ్వులు పెరిగినకొద్దీ మొగులయ్యకు బీకాం మీద గౌరవం పెరిగింది. బీకాం అంటే ఎవరూ నవ్వరు. చివరికి తండ్రీకూతుళ్ల మధ్య ఒక ఒప్పందం కుదిరింది. ఈ చదువువల్ల దుకాణానికి ఒక్క లాభమైనా కనిపించాలి, లేదంటే పూజిత బీకాంలోకి మారాలి. మారడానికి కాలేజీ ఇచ్చిన గడువు ఆ రోజుతోనే ముగుస్తుంది. అందుకని ఆ పెరుగు ఫ్లెక్సీ మీద పూజిత తన భవిష్యత్తంతా పెట్టింది.

ఆమె ఫోనులో, పెరుగు ఫ్లెక్సీకి వాడిన గేదె బొమ్మతోనే ఇంకో ప్రకటన కూడా ఉంది. అది కాలేజీలో పాఠం చెప్పే సీమోను సార్ ఇచ్చిన హోంవర్కు. తెలిసిన వ్యాపారానికి ఏదో ఆపద వచ్చిందని ఊహించుకుని, ప్రజలకు ధైర్యం చెబుతూ ఒక ప్రకటన రాసుకురమ్మన్నారాయన. పూజిత బాగా ఆలోచించి, తమ ఇంట్లో ఎన్నడూ జరగని ఆపదను ఎంచుకుంది.

రెండూ అన్న రవీందర్‌కు పంపి, గేదె ఉన్నది ప్రింటుకు ఇమ్మని చెప్పి నిద్రపోయింది. రెండింటిలోనూ గేదె ఉన్న సంగతి ఆమెకు గుర్తులేదు. రవీందర్ ఇంగ్లిష్ మీడియంలో చదివినవాడు, తెలుగు అక్షరాలతో అతనిది ముఖపరిచయం మాత్రమే. 'మొగులయ్య డెయిరీ' అన్నంతవరకు కూడబలుక్కుని చదివాడు. గేదె నవ్వుతున్నట్టే ఉందని తృప్తిపడి, ఒకటి పంపేశాడు. మొగులయ్యకు కళ్లద్దాలు లేనిదే అక్షరం ఆనదు. అలాంటి ఇద్దరూ కలిసి, మసక చీకట్లో ఫ్లెక్సీ కట్టారు.

మొదటి గిరాకీ వెంకటనారాయణ గారు. రిటైరైన గుమాస్తా, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నారు. రోజూ పావు లీటరు తీసుకుంటారు. శారదమ్మ పైన ఒక గరిటెడు కొసరు పోస్తుంది. ఆ సంగతి ఇద్దరూ ఎన్నడూ ఎత్తరు. దారిలో కనిపించిన బోర్డునల్లా పైకి చదవడం ఆయనకు అలవాటు.

"'ప్రజలకు విజ్ఞప్తి. మొగులయ్య డెయిరీ పాలక్యానులో బల్లి పడింది అన్న వార్త పూర్తిగా అవాస్తవం. ఎవరూ ఆందోళన చెందవద్దు. పరిస్థితి అదుపులో ఉంది.'" చదవడం ముగించి మెచ్చుకోలుగా తల ఊపారు. "మంచిగ రాసినవ్. మొగులయ్యా, బల్లి ఎప్పుడు పడ్డది?"

"ఏం బల్లి సారూ?"

"పడలేదని రాసినవు గదా, గా బల్లి."

మొగులయ్య లోపలికి పరిగెత్తి కళ్లద్దాలు తెచ్చుకున్నాడు. ఆ లోపే ఫ్లెక్సీ కింద చిన్న గుంపు చేరింది. అందరికంటే ముందు నిలబడింది పక్క గల్లీ నాగమణమ్మ.

"పడకుంటే పడలేదని ఎందుకు రాస్తరు?" అని ఆమె నడుం మీద చేయి వేసుకుంది. "మేము రాసుకున్నమా మా ఇంటి మీద, మా పప్పుల బల్లి పడలేదని?"



"అరేయ్ రవీ, దింపురా దాన్ని!" అని మొగులయ్య అరిచాడు.

రవీందర్ ఒకవైపు తాడు విప్పాడు. "దింపుతుండ్రంటే ఏదో ఉన్నట్టే" అని గుంపులోంచి ఒక గొంతు వినిపించింది.

"వద్దు, వద్దు! మళ్ల కట్టు!"

"మళ్ల కడుతుండ్రంటే పక్కా" అంది ఇంకో గొంతు.

ఏం చేయాలో తోచక రవీందర్ నిచ్చెన దిగిపోయాడు. ఫ్లెక్సీ ఒక్క తాడు మీద వేలాడుతూ మడత పడింది. ఆ మడతలో మిగతా అక్షరాలన్నీ దాక్కున్నాయి, 'బల్లి పడింది' అన్నంతవరకే పైకి కనిపించింది. పక్కన గేదె నవ్వుతూనే ఉంది.

లొల్లికి లేచి వచ్చిన పూజిత ఒక్క చూపులో సంగతి గ్రహించింది. "బాపూ, ఫికర్ చెయ్యకు. గిసొంటిది వస్తే ఏం చెయ్యాల్నో నేను చదివిన."

"నువ్వు చదివినవు కాబట్టే గిట్లయింది బిడ్డా!"

"మాటలు చెప్పుడు కాదు, చేసి చూపెట్టాలె. అందరి ముంగట నువ్వు ఒక గ్లాసు పాలు తాగు."

మొగులయ్య ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. పుట్టినప్పటి నుంచి గేదెల మధ్యే బతికిన ఆ మనిషికి పాల వాసన పడదు. ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియని రహస్యం అది. అయినా కూతురి ముఖం చూసి గ్లాసు అందుకున్నాడు. కళ్లు మూసుకుని సగం మింగాడు. మిగతా సగం గొంతు దగ్గరే ఎదురు తిరిగింది. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని కొట్టం వెనక్కి పరుగు తీశాడు.

"చూస్తిరా," అంది నాగమణమ్మ, "ఆయన పాలు ఆయనకే పోతలేవు."

ఇక మిగిలింది వీడియో. పూజిత దుకాణం గోడకు ఆనుకుని నిలబడి, సార్ నేర్పినట్టు తొణక్కుండా ఫోను వైపు చూస్తూ, తమ డెయిరీ ఎంత శుభ్రమో చెప్పింది. వెలుతురు బాగుంది, మాట స్పష్టంగా ఉంది. చివర్లో "కాబట్టి ఏ బల్లీ పడలేదు" అంటుండగా, పక్కనుంచి నాగమణమ్మ "పడే ఉంటది" అని గొణిగింది. ఆ మాటకే కాచుకున్నట్టు ట్యూబులైటు వెనక బల్లి ఒకటి టిక్ టిక్ మని పలికింది. గుంపంతా ముక్తకంఠంతో "సత్యం!" అంది. కంగారులో పూజిత ఆ వీడియోను అలాగే గల్లీ గ్రూపులో పెట్టేసింది.

కాసేపటికి గౌస్ భాయ్ వచ్చాడు. రోడ్డు మీది చాయ్ హోటల్ ఆయనదే. మొగులయ్య పాలల్లో సగానికి పైగా ఆ హోటల్‌కే పోతాయి.

"మొగులయ్య భాయ్, బురా నక్కో మానో, ఏమనుకోకు," అన్నాడు నొచ్చుకుంటూ. "నాకు ఎరుకే, ఏం పడలే. మగర్ గిరాకీలు వీడియో చూసిండ్రు. ఆజ్ దూధ్ నక్కో, ఇయ్యాల పాలొద్దు. రేపు చూద్దాం."

ఆయన వెళ్లాక మొగులయ్య కూతురి దగ్గరికి వచ్చాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో. "చాలు బిడ్డా. తయారు కా. కాలేజీకి పోదాం. బీకాంల చేరుదువు."

"ఒక్క మాట చెప్పనియ్యి బాపూ."

"ఒక్క మాటకే గింత అయింది."

పూజిత కళ్లలో నీళ్లు నిండాయి. ఫోను జేబులో పెట్టుకుని, సంచి తెచ్చుకోవడానికి లోపలికి కదిలింది. సరిగ్గా అప్పుడే శారదమ్మ రెండో విడత పాలు పిండుకుని, నిండు బకెట్టుతో కొట్టంలోంచి బయటికి వచ్చింది. తెల్లవారినప్పటి నుంచి గేదెల దగ్గరే ఉన్నందున ఆమెకు ఈ సంగతేదీ తెలియదు.

"ఏందీ జాతర?" అంది.

నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. శారదమ్మ బకెట్టు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంది.

"బల్లికేనా గింత లొల్లి? మొన్న మా అన్నోళ్లతోని కంచికి పోయినప్పుడు బంగారు బల్లిని ముట్టుకొనొచ్చిన. గీ పాలన్నీ గీ చేతులు పిండినయే. ఇంకేం దోషముంటది?"

కంచి బల్లిని తాకినవారిని తాకితే చాలు, మీద బల్లి పడ్డ దోషమైనా పోతుందని అక్కడ నిలబడ్డ ప్రతివారూ చిన్నప్పటి నుంచి విన్నదే.

నాగమణమ్మ గొంతు మారిపోయింది. "నిజంగనా శారదక్కా? ఏ చేత్తోని?"

"రెండు చేతులతోని. ఎనకాల నుంచి నూకుతుంటే ఇంకోసారి గూడ ముట్టుకున్న."

"పోయిన వారం నా భుజం మీద పడ్డదక్కా. అప్పటి సంది నిద్రపడుతలేదు." నాగమణమ్మ రెండడుగులు ముందుకు వేసి శారదమ్మ చేతులు పట్టుకుంది, కళ్లు మూసుకుంది, తేలికపడ్డ ముఖంతో వెనక్కి జరిగింది. జరిగాక ఒట్టి చేతులతో పోవడం బాగుండదనిపించి లీటరు పాలు పోయించుకుంది.

ఆ వెనక ఉన్నవాళ్లందరికీ తమ తమ బల్లులు గుర్తొచ్చాయి. ఒకరికి పెళ్లిచూపుల నాడు తలమీద పడిందట. ఇంకొకరికి పరీక్షకు పోతుంటే మోచేతి మీద పడిందట. వరుస కట్టారు. ఒక్కొక్కరూ చేయి ముట్టుకోవడం, పాలు పోయించుకోవడం. వరుస గల్లీ మలుపు దాటింది.

అందులో వెంకటనారాయణ గారు కూడా కనిపించేసరికి శారదమ్మ ఆశ్చర్యపోయింది. "మీరు గూడనా సారూ?"

"మా ఇంట్ల నాతోని మాట్లాడేది బల్లులే గదమ్మా. ఎన్నిసార్లు పడ్డయో."

చేయి ముట్టుకోవడానికి మొహమాటపడి, ఆమె పట్టుకున్న బకెట్టు అంచును తాకారు. శారదమ్మ ఆయన గిన్నెలో ఇంకో గరిటెడు పోసింది.

సంచితో బయటికి వచ్చిన పూజిత ఇదంతా చూసి, "అమ్మా, గిదంతా మూఢ..." అనబోయింది. వరుసను చూసింది, తండ్రి ముఖం చూసింది, నోరు మూసుకుంది. కమ్యూనికేషన్‌లో అదీ ఒక పాఠమే. సీమోను సార్ ఇంకా అక్కడిదాకా రాలేదు.

ఎండ ఎక్కాక గౌస్ భాయ్ మళ్లీ వచ్చాడు. "భాయ్, నాకు ఒక క్యాను ఉంచు. గిరాకీలు గదే అడుగుతుండ్రు, వో కంచివాలా దూధ్." అప్పటికి క్యానులన్నీ ఖాళీ. వరుసలో నిలబడ్డవాళ్లు ఎండకు సొమ్మసిల్లుతుంటే, రాత్రి తోడుపెట్టిన కుండెడు పెరుగునూ శారదమ్మ మజ్జిగ చేసి అందరికీ పోసింది.

"బాపూ, కాలేజీకి టైమైతుంది. బీకాం?" అని రవీందర్ గుర్తు చేశాడు.

మొగులయ్య వాడి వైపు జాలిగా చూశాడు. "బీకాం చదివినోడు ఒక్క ఫ్లెక్సీతోని గింతమందిని నిలబెడతడారా?"

"గది తప్పు ఫ్లెక్సీ బాపూ!"

"తప్పు రాస్తేనే గిట్లుంటే, చదువు పూర్తయినంక సరిగ్గ రాస్తే ఎట్లుంటది?"

పూజిత సంచి మళ్లీ లోపల పెట్టింది. హోంవర్కుకు మాత్రం సీమోను సార్ మార్కులు తగ్గించారు. ఆపదను ఊహించుకోమన్నాను గానీ తెచ్చుకోమనలేదు కదా అన్నారు.

మొగులయ్య ఆ ఫ్లెక్సీని ఎవరినీ ముట్టనివ్వలేదు. ఒక్క తాడు మీద ఇప్పటికీ అలాగే వేలాడుతోంది. ఆ డెయిరీలో పెరుగు కూడా దొరుకుతుందన్న సంగతి కిషన్‌బాగ్‌లో ఇంతవరకు ఎవరికీ తెలియదు.