ప్రేరణ వాళ్ళు ఎడమ దిబ్బకి

ప్రతి ఇంట్లోనూ ప్రేరణ వెతుక్కునే చిత్రకారుడు ఒకడు ఉండి తీరాలి. లేని ఇళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. సోఫా అస్తమానం ఖాళీగా ఉంటే వాళ్ళకి తోచేదెలా?

ఆ అదృష్టం మాకు మా బావమరిది రూపంలో పట్టింది. బొమ్మలు బ్రహ్మాండంగా వేస్తాడు. వేస్తే! పిల్లల పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ కొత్త ఆస్పత్రి తెరుస్తూ, వెయిటింగ్ హాల్లో గోడ నిండా బొమ్మ వేయమని అతనికి అప్పగించింది. లోపల డ్రిల్లు మోత వినబడుతున్నా బయట పిల్లలు ఏడవకూడదు. అంతే ఆవిడ కోరిక. మామూలు మనిషైతే మర్నాడే రంగు డబ్బా మూత తీసేవాడు. మావాడు కళాకారుడు కనుక మా టీవీ రిమోట్ తీసుకున్నాడు.

"ప్రేరణ సినిమాల్లోంచే రావాలి బావా!" అన్నాడు.

గోడకి ఎడారే తగునని తేల్చి, ఎడారి సినిమాలన్నీ వరసగా పెట్టాడు. పెట్టి, ఆపాడు. "ఆ పసుపు చూశారా? ఆ నీడ చూశారా?" అంటూ ఒక్కో ఫ్రేము దగ్గరా గంటసేపు ఆగిపోయేవాడు. దాహంతో ఇసుకలో పాకుతున్న హీరోకి నీళ్ళు దొరికాయో లేదో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. చూడలేక మా ఆవిడ టీవీ ముందు ఒక గ్లాసు మంచినీళ్ళు పెట్టింది. ఇంతటి దయాగుణం సినిమా ఆపకుండా చూసేవాళ్ళకి అబ్బుతుందా?

ఇంతలో డాక్టరమ్మ ఫోన్ చేసింది. "గోడ ఇంకా తెల్లగానే ఉందండీ. వచ్చే వారం పిల్లలొచ్చేస్తారు. మీకు కుదరదంటే చెప్పండి, స్టిక్కర్లు అంటించేస్తాను."

స్టిక్కర్లు! ఆ మాటకి మావాడి మనసు గాయపడింది. "తెర మీద ఎడారి చాలదు. అసలు ఎడారే చూడాలి" అన్నాడు.

"వాడొక్కడే అంత ఎండలో ఏమైపోతాడో! మీరూ వెళ్ళండి" అంది మా ఆవిడ. నేనేమైపోతానో ఎవరూ అడగలేదు. కళ ముందు స్వార్థం ఎలా కరిగిపోతుందో చూశారా!

ఎడారి అంటే ఏకాంతం అనుకునేరు. బస్సు దిగగానే ఒంటెలతను ఎదురొచ్చి, "ప్రేరణా, పెళ్ళి ఫొటోలా?" అని అడిగాడు.

"ప్రేరణే!" అన్నాడు మావాడు గర్వంగా.

"ప్రేరణ వాళ్ళు ఎడమ దిబ్బకి. తొందరగా పదండి సార్, ముందు వరస నిండిపోతోంది."

నిజమే. ఇసుక వేస్తే రాలనంత జనం, అదీ ఇసుక మీద! ఎక్కడ చూసినా గొడుగులు, మడత కుర్చీలు. ఒక చిత్రకారుడు నా వైపు తిరిగి, "కాస్త జరగండి, మీ పొట్ట నా శూన్యంలోకి వస్తోంది" అన్నాడు. జరిగాను. ఇంకొకావిడ అనంతానికి అడ్డమయ్యాను. ఇంతమంది ఒక్కచోట చేరి ఒంటరితనం అనుభవించడం ఇంకెక్కడైనా సాధ్యమా?

మావాడి స్టాండు, రంగుల పెట్టె, దిండు మోసి మోసి దిబ్బ చివర కూలబడ్డాను. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. లేచేసరికి మావాడు గంతులేస్తున్నాడు.

"వచ్చేసింది బావా! వచ్చేసింది!"

ఏం వచ్చిందో చెప్పలేదు. తిరిగొస్తూనే ఆస్పత్రికి పరిగెత్తి, పిల్లలొచ్చే వేళకి గోడ పూర్తి చేశాడు.

ప్రారంభోత్సవానికి మా ఆవిడతో వెళ్ళాను. గోడ నిండా పసుప్పచ్చటి ఇసుక. మధ్యలో వెల్లకిలా పడి నిద్రపోతున్న ఒంటె. నోరు బార్లా తెరిచి ఉంది. పై వరసలో ఒక పన్ను లేదు, పక్కది పుచ్చిపోయింది. పిల్లలు దాని నోట్లో చేతులు పెట్టి పగలబడి నవ్వుతున్నారు. ఏడుపన్న మాటే లేదు! ఓ పిల్లయితే కుర్చీ ఎక్కగానే, అడక్కుండానే ఒంటెలా నోరు తెరిచిందట. డాక్టరమ్మ ఆనందం పట్టలేకపోతోంది.

"ఒంటె బాగుంది గానీ, ఎక్కడో చూసినట్టుందండీ" అంది మా ఆవిడ, దాని పొట్ట వైపు చూస్తూ.

అప్పుడే ఆ పిల్ల గోడనీ నన్నూ మార్చి మార్చి చూసి, "అమ్మా! ఒంటె బయటికొచ్చేసింది!" అని కేక పెట్టింది.

హాలంతా నా చుట్టూ మూగింది. డాక్టరమ్మ నా నోట్లోకి టార్చి వేసి చూసి, "ఒక్క పన్ను కూడా తప్పు వేయలేదు!" అని మావాణ్ణి మెచ్చుకుంది.

అందుకే పాఠకులారా, చిత్రకారుల్ని సినిమాలు చూడనివ్వండి, ఎడారులకి పోనివ్వండి! ప్రేరణ ఎంత దూరంలో దొరికితే ఇంట్లోవాళ్ళకి అంత క్షేమం.

ఇప్పుడు మావాడికి స్విమ్మింగ్ పూల్ గోడ మీద నీటిగుర్రం వేసే పని వచ్చింది. ఈసారి సినిమాలు వద్దట, ప్రయాణమూ వద్దట.

పొద్దుటి నుంచి ఎదురుగా కూర్చుని నన్నే చూస్తున్నాడు.