శౌరయ్య ఫియట్‌కు కొత్త రెగ్జిన్

కారు ప్రాణం తలుపు లోపలి రెగ్జిన్‌లో ఉంటుందని వాహనాంతర్భాగ పరిశీలన కార్యాలయం ఏనాడో తేల్చేసింది. (ఇంజను, బ్రేకుల సంగతి పక్క కిటికీలో చూస్తారు. ఆ గుమాస్తా సెలవులో ఉన్నాడు.)

గన్నవరం శౌరయ్యకు ఈ సత్యం ఆలస్యంగా తెలిసింది. అతనికి తండ్రి నాటి ఫియట్ ఉంది. ఏటా గుణదల మాత తిరునాళ్ళకు భార్య అమలమ్మను అందులోనే తీసుకెళ్తాడు. ఆ యేడు ఆమె మోకాళ్ళు బస్సు మెట్టెక్కనివ్వడం లేదు. మొక్కు ఆపడానికి లేదు. సరిగ్గా అప్పుడే కారు యోగ్యతా పత్రం గడువు తీరింది.

పరిశీలకులు కృపానందంగారు తలుపు తెరిచి, చిరిగిన రెగ్జిన్‌లోంచి పీచు వేలాడుతోందని, అది ప్రయాణికుల మోచేతులకు హానికరమని తిప్పి పంపారు. శౌరయ్యకు న్యాయంగానే తోచింది. ఆటోనగర్‌లో సీట్లు కుట్టే నాగూర్ దగ్గరికి వెళ్ళాడు. నాగూర్ తలుపుల అట్టలు ఊడదీసి ముదురెరుపు రెగ్జిన్ తొడిగాడు. పాతది పీకకుండా దాని మీదే కొత్తది లాగి కుట్టడం అతని పద్ధతి. చెయ్యి ఆనిస్తే మెత్తగా ఉంటుందన్నాడు. అమలమ్మ నిమిరి చూసి, చర్చిలో పండగనాటి బలిపీఠం గుడ్డలా ఉందని మురిసిపోయింది.

కారు మళ్ళీ ఆఫీసుకు తెస్తే కృపానందంగారు మాత్రం దిగులుపడ్డారు. రికార్డులో కారు పాతది, తలుపేమో కొత్తది. ఇది ఆ కారేనని రుజువేమిటి?

"చొక్కా మారిస్తే మనిషి మారిపోతాడాండీ?" అని శౌరయ్య మెల్లగా అడిగాడు.

"మనిషికైతే పర్లేదండీ. మనిషికి మా దగ్గర ఫైలు లేదు."

పాత రెగ్జిన్ కొత్తదాని కిందే భద్రంగా ఉందని శౌరయ్య గుర్తుచేసుకుని చెప్పాడు. కృపానందంగారి ముఖం వికసించింది. బీరువాలోంచి ప్రభుత్వ బ్లేడు తెప్పించి (సొంత బ్లేడు వాడకూడదు) తలుపును నిలువునా కోశారు. లోపల పాతది కనిపించింది. చేయి కలిపి అభినందించారు.

"కారు మీదేనండీ, అనుమానం లేదు. కాకపోతే తలుపు చిరిగి ఉందే."

"తమరే కదండీ కోశారు?"

"ఎవరు కోశారన్నది మా పరిధిలోకి రాదండీ."

నాగూర్ సంగతంతా విని, ఈసారి గుండీలు పెట్టి కుడతానని, ఏ ఆఫీసరైనా విప్పి చూసుకుని మళ్ళీ పెట్టుకోవచ్చని అన్నాడు. కానీ తెల్లవారితే తిరునాళ్ళు.

అమలమ్మ కిక్కిరిసిన ఆటోలో ఓ అంచున కూర్చుని, నొప్పి కాలు రోడ్డు మీదికి చాపుకుని జపమాల తిప్పుకుంటూ బయలుదేరింది. దారిలో తనిఖీకి నిలబడ్డ కృపానందంగారు ఆటోను ఆపి, చుట్టూ తిరిగి చూసి, పంపించేశారు. దానికి తలుపులు లేవు.