పిట్ట చేసిన ఫోన్లు

పక్కింటి పిట్ట మన ఫోన్ రింగ్‌టోన్ నేర్చుకోవడం న్యూసెన్స్ కాదు. మహాభాగ్యం!

పిట్ట పేరు బుల్‌ఫించ్. ఫించ్‌ల కుటుంబం పెద్దదే కానీ, వీటి శాఖలో పట్టుమని పది రకాలు కూడా లేవట. మెడ కనిపించనంత బొద్దు ఒళ్లు, పొట్టి నల్లముక్కు, ఎర్రటి రొమ్ము. పదేపదే విన్న ఈలను అచ్చంగా దింపేస్తుంది. గోడ అవతలి గడియారాల మెకానిక్ దాని పంజరాన్ని కిటికీలో వేలాడదీశాడు. నా ఫోన్ మోగేదీ ఈలే. ఇంకేం కావాలి?

ఇదివరకు కొన్నాళ్లపాటు నాకు నెలకు రెండు ఫోన్లు. ఒకటి ఇన్సూరెన్స్ వాళ్లది, ఒకటి రాంగ్ నంబర్. ఇప్పుడు రోజుకు నలభై! ఒంటినిండా సబ్బు నురగతో పరిగెత్తాను. నోట్లో బ్రష్‌తో పరిగెత్తాను. రెండు కిలోలు తగ్గాను. ఏ జిమ్‌లో ఉందండీ ఈ సౌకర్యం?

పైగా ప్రతి పరుగుకూ ఏడు సెకన్ల ఆశ ఫ్రీ! ఎవరికో గుర్తొచ్చానన్న ఆశ. ఎనిమిదో సెకనులో ఫోన్ తెర నల్లగానే ఉంటుంది. ఉండనివ్వండి! ఆ ఏడింటినీ ఎవరూ వెనక్కి తీసుకోలేరు కదా?

మెకానిక్‌ను అభినందించి వద్దామని వెళ్లాను. ఆయన కంటికున్న భూతద్దం తీయకుండానే అన్నాడు:

"ఏమనుకోకండి సార్. మావాడు విన్నంతే పాడతాడు. మీరు మధ్యలో ఫోనెత్తి ఉంటే సగం పాటే వచ్చేది. వీడు చివరిదాకా పాడుతున్నాడు!"

నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు ఆగింది.

"నీతో కంటే గోడతో మాట్లాడటం నయంరా" అంది ఒకసారి మా అక్క. అలిగాను. ఆ తర్వాత మూడు నెలలు రోజూ సాయంత్రం ఆరింటికి ఫోన్ చేసింది. నేను చేతులు కట్టుకుని, పక్కనే కూర్చుని, చివరి ఈల దాకా వినేవాణ్ని. ఒకరోజు మానేసింది. ఆమె ఫోన్లన్నీ గోడ అవతల పిట్ట దాచిపెట్టింది.

నిన్న నేనే చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. నేను నోరు తెరిచేలోగా పిట్ట అందుకుంది.

"ఒరేయ్, అక్కడేదో ఫోన్ మోగుతోంది. ముందు ఎత్తు! నన్ను ఏడిపించింది చాలదా? పాపం, ఎవరో ఏమో!"

"ఫోన్ కాదక్కా, పక్కింటి పిట్ట."

"ఆహా! ఇన్నాళ్లకు నోరు విప్పి పిట్టకథా చెప్తున్నావు!"

గంటసేపు తిట్టింది. ఆ గంటలో పిట్ట ఆరుసార్లు మోగింది. నేను కుర్చీలోంచి లేవలేదు.

చూస్తుంటే ఆ రెండు కిలోలూ తిరిగొచ్చేలా ఉన్నాయి!