తోడికి అడ్డొచ్చిన వేలు

ఆ బుధవారం పొద్దున్న రామబ్రహ్మం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇడ్లీ తినడం, ఆటో ఎక్కడం, రాయదుర్గంలో కూతురి ఆఫీసులో తోడి రాగం వాయించడం, భోజనం వేళకు ఇంటికి రావడం. ఇందులో ఇడ్లీ తినడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

రామబ్రహ్మం నాదస్వర విద్వాంసుడు. విద్వాంసుడన్న మాట బీరువాలోని సన్మాన పత్రాల మీద ఉంది గానీ, శేరిలింగంపల్లి చుట్టుపక్కల ఫంక్షన్ హాళ్ళ వాళ్ళకు ఆయన మేళం అంకుల్. పాతికేళ్ళుగా పెళ్ళిళ్ళే బతుకు. వాటి మీద ఆయనకు కోపమేమీ లేదు. అవే అన్నం పెట్టాయి, అవే కూతురు జయంతిని ఇంజినీరింగ్ చదివించాయి. బాధల్లా ఒక్కటే, ఏ పెళ్ళిలోనూ రాగం పూర్తి కాదు. తోడి ఎత్తుకుని, కింది షడ్జం దగ్గర కాసేపు నిలబడి, ఒక్కొక్క మెట్టే ఎక్కి, సరిగ్గా రాగం మొహం చూపించే వేళకు పురోహితుడు వేలెత్తుతాడు. అక్కడితో తోడి అయిపోయి గట్టిమేళం మొదలవుతుంది.

తాళి కట్టే క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి అపశకునపు మాటా చెవిన పడకుండా డోలూ నాదస్వరమూ కలిసి ఒక్కసారిగా ఉరమడమే గట్టిమేళం. దానికి సైగ పురోహితుడు గాల్లో ఆడించే చూపుడు వేలు. రేపల్లె దగ్గర సుబ్బరాయుడు గారి ఇంట్లో విద్య నేర్చుకున్న రోజుల్లో, సరిగమల కంటే ముందు రామబ్రహ్మానికి ఈ వేలి పాఠమే అయింది. శిష్యుడు అన్నం కలుపుతుండగా గురువుగారు వేలెత్తేవారు. నూతిలో చేద వేస్తుండగా ఎత్తేవారు. ఏ పని చేతిలో ఉన్నా వదిలేసి వాద్యం అందుకోవాలి. డోలు ఒంటరిగా మోగితే పెళ్ళికి అరిష్టం అనేవారు. ఎన్ని ముద్దలు చల్లారిపోయాయో లెక్క లేదు గానీ, ఆ పాఠం మాత్రం ఒంట్లో ఇంకిపోయింది.

గురువుగారి కొడుకు బుల్లిబాబుదీ అదే బడి. చెల్లెల్ని రామబ్రహ్మానికి ఇచ్చాక బావమరిది కూడా అయ్యాడు. రామబ్రహ్మం పక్కన డోలు వాయించీ వాయించీ అతనికి చెవి సగం పోయింది. కళ్ళు మాత్రం గద్ద కళ్ళు. ఎంత మంది జనం మధ్యనుంచైనా పురోహితుడి వేలు పట్టేస్తాడు.

ఇప్పుడు వచ్చిన తొందరంతా పళ్ళ గురించి. రామబ్రహ్మానికి పైవరస ముందు పళ్ళు రెండూ కదిలిపోతున్నాయి. శుక్రవారం తీసేద్దామని డాక్టరు తేల్చేశాడు. పెదవి వెనక ఆ పళ్ళ దన్ను లేకపోతే నోట్లో పెట్టుకునే నాదస్వరం పీక పట్టు చిక్కదు. కట్టుడు పళ్ళతో గట్టిమేళం ఎలాగో నెట్టుకురావచ్చు గానీ తోడి మాత్రం రాదు. అది తెలిసిన నాటి నుంచీ ఆయనకు అన్నం సయించడం లేదు. ఆ పళ్ళు పోయే లోపల ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ రాగాన్ని మొదటి నుంచి చివరిదాకా జనం ముందు వాయించాలి.

జయంతికి తండ్రి సంగతి తెలుసు. వాళ్ళ ఆఫీసులో కొత్త అంతస్తు ప్రారంభోత్సవం వస్తే, పై వాళ్ళను బతిమాలి ఒక అరగంట సంపాదించింది.

"అరగంటా మీదే నాన్నా. పెళ్ళి లేదు, పురోహితుడు లేడు, వేలు లేదు. అందరూ కుర్చీల్లో కూచుని వింటారు" అంది.

ఆటోలో రామబ్రహ్మం బావమరిది మంచి చెవి వైపు వంగి మరోసారి చెప్పాడు.

"ఒరేయ్ బుల్లిబాబూ, అక్కడ గట్టిమేళం లేదు. నీ డోలు చివర్లో కీర్తనకే. గుర్తుందా?"

"పురోహితుడే లేనప్పుడు వేలు ఎవడు ఎత్తుతాడు బావా. నాకేం పని" అన్నాడు బుల్లిబాబు. ఆ మాట ఎంతో సబబుగా వినిపించి రామబ్రహ్మం వెనక్కి జారబడి కూచున్నాడు.

ఆ అంతస్తుకు పెద్ద ప్రేమ్ కుమార్ అనే ఆయన. వరంగల్ వైపు మనిషి, చాలా మంచివాడు. తన పెళ్ళి చర్చిలో అయింది. స్నేహితుల పెళ్ళిళ్ళకు పోయినా నేరుగా భోజనాల దగ్గరికే వెళ్ళే అలవాటు కనుక, పురోహితుడి వేలును ఆయన ఎన్నడూ చూసి ఎరగడు. కానీ ఆయనకూ ఒక వేలుంది. ఏ మాట చెప్పినా దాన్ని ఎత్తి చెప్పడం ఆయన పద్ధతి.

దీపం వెలిగించారు. ప్రేమ్ కుమార్ మైకు అందుకున్నాడు.

"దోస్తులూ, ఈ సంవత్సరం కంపెనీ మొత్తంల మన టీమే నంబర్ వన్" అంటూ చూపుడు వేలు గాల్లోకి లేపి ఆడించాడు.

డోలు ఉరిమింది. రామబ్రహ్మానికి ఏం జరుగుతోందో తెలిసేలోపే నాదస్వరం నోటి దగ్గరికి వచ్చేసింది. గట్టిమేళం పూర్తయ్యాక హాలంతా చప్పట్లు. ప్రేమ్ కుమార్ మొహం వెలిగిపోయింది.

"ఏంది అంకుల్, గింత జబర్దస్తుగ కొట్టిన్రు. మస్తుంది" అన్నాడు.

రామబ్రహ్మం పళ్ళ బిగువున, అవి ఎంత బిగువుగా ఉన్నాయో అంత బిగువున, బావమరిదితో అన్నాడు: "అది వేలు కాదురా."

"వేలే బావా. ఈ కళ్ళతో చూశాను."

తర్వాత చిన్న సన్మానం. ఏదో కష్టమైన ప్రాజెక్టును గట్టెక్కించిన శ్యామ్ అనే కుర్రాడికీ, రసజ్ఞ అనే అమ్మాయికీ శాలువాలు కప్పి, పూలదండలు వేసి, వేదిక పక్కన రెండు కుర్చీల్లో పక్కపక్కనే కూచోబెట్టారు. దండలు తీయబోతే ఫొటోలు ఇంకా ఉన్నాయని ఎవరో ఆపారు. అదిగో, ఆ దండలు అలాగే ఉండిపోయాయి.

అప్పుడు రామబ్రహ్మం తోడి ఎత్తుకున్నాడు.

మొదట్లో ఫోన్లు చూసుకుంటున్న వాళ్ళు మెల్లగా తలలెత్తారు. షడ్జం దగ్గర ఆయన నిలబడ్డ తీరుకే గదిలో గుసగుసలు అణిగాయి. ఆయనకు ఒకనాటి రాత్రి ఊరేగింపు గుర్తొచ్చింది. నాలుగు వీధుల కూడలిలో ఇదే తోడి వాయిస్తుంటే, ఊరి వాళ్ళు స్వామి వాహనాన్ని కదలనివ్వలేదు. 'కానీ, కానీ' అని అరుస్తూ దారికి అడ్డంగా కూచున్నారు. వాహనం మోసేవాళ్ళు కూడా దింపేసి వింటూ ఉండిపోయారు. సుబ్బరాయుడు గారు గుంపులో ఎక్కడో నిలబడి, తాంబూలం నమలడం మానేసి విన్నారు. గురువుగారు నమలడం మానడమే ఆ ఇంట్లో పెద్ద బిరుదు. ఆ రాత్రి ఊపిరి మళ్ళీ దొరికినట్టయి రామబ్రహ్మం గాంధారం మీదికి ఎక్కాడు. దాన్ని ఊపాడు, మళ్ళీ ఊపాడు, ఇక పైకి సాగబోతున్నాడు.

తలుపు తెరుచుకుంది. ఆ హాలు తర్వాత వాడుకోవలసిన మరో టీం వాళ్ళు లోపలికి తొంగిచూశారు. ప్రేమ్ కుమార్ రాగానికి భంగం కలగకూడదని, నోరు మెదపకుండా, ఒక్క నిమిషం ఆగమని వాళ్ళకు వేలు చూపించాడు.

డోలు మోగింది. రామబ్రహ్మం మనసు వద్దంది. వేళ్ళు వినలేదు.

గట్టిమేళం వినగానే తెలుగువాడి చేతికి అక్షింతలు కావాలి. చిన్నప్పటి నుంచీ ఎన్ని పెళ్ళిళ్ళలో వేసి ఉంటారో, హాల్లో సగం మంది లేచి నిలబడ్డారు. దీపం దగ్గర పళ్ళెంలో పూలరేకులున్నాయి. ఎవరో గుప్పెడు తీసుకున్నారు, వెనక వాళ్ళు చేతులు చాపారు. వెయ్యడానికి ఎదురుగా దండలతో ఒక అబ్బాయీ ఒక అమ్మాయీ ఉండనే ఉన్నారు. పూలవాన కురిసింది. పది ఫోన్లు రాగం దగ్గర్నుంచీ అదంతా పట్టుకున్నాయి. ఒక పెంకి పిల్ల ఆ వీడియోను 'మా ఆఫీసులో శుభకార్యం' అని రాసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేసింది.

జయంతి పరుగున వచ్చి ప్రేమ్ కుమార్‌కు వేలి సంగతంతా విప్పి చెప్పింది. ఆయన నిజంగా నొచ్చుకున్నాడు.

"అరె, నాకు ఎర్కలేదు అంకుల్. పరేషాన్ గాకుండ్రి. ఇగ చూడుండ్రి, వేలు లేపితే ఒట్టు" అని, మాట మీద నిలబడే మనిషి గనుక, వేలెత్తి మరీ ఒట్టు పెట్టాడు.

గట్టిమేళం మళ్ళీ మోగింది.

"మావయ్యా, నువ్వు అటు తిరిగి కూచో" అని జయంతి బుల్లిబాబును వేదిక వెనక గోడ వైపు తిప్పింది. ఆ గోడ అద్దంది. అవతలి నడవాలో ఒకడు ఫోను మాట్లాడుకుంటూ పచార్లు చేస్తున్నాడు. రామబ్రహ్మం మళ్ళీ షడ్జం పట్టుకున్నాడో లేదో, అతగాడు ఎదురొచ్చిన స్నేహితుడికి ఆగమని వేలు చూపించాడు.

ఆ మేళం ముగిసేసరికి అరగంటా ముగిసింది. తర్వాతి టీం వాళ్ళు లాప్‌టాప్‌లతో లోపలికి వచ్చేశారు. సన్మానపు కుర్చీలు తీసి మడతపెట్టేశారు.

క్యాంటీన్‌లో అందరూ తిని వెళ్ళిపోయాక ముగ్గురూ ఒక మూల కూచున్నారు. రామబ్రహ్మం నాదస్వరాన్ని తుడిచి సంచిలో పెట్టుకున్నాడు. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. కూతురు చూస్తోందని మజ్జిగ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇంకో రోజు అడుగుతాను నాన్నా" అంది జయంతి.

"శుక్రవారం దాటాక ఏ రోజైతే ఏముందిలే అమ్మా."

బుల్లిబాబు పళ్ళెంలో డబుల్ కా మీఠా ముట్టుకోలేదు. అది అతనికెంత ఇష్టమో తెలిసిన వాళ్ళకు అదే పెద్ద క్షమాపణ.

"నాన్న నేర్పిందే చేశాను బావా" అన్నాడు చివరికి.

"తెలుసురా. నేను మాత్రం ఆగానా" అన్నాడు రామబ్రహ్మం. ఆయనకు బావమరిది మీద కోపం రాలేదు. ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి తిన్న చల్లటి ముద్దలే గుర్తొచ్చాయి.

సరిగ్గా అప్పుడే ఒక పెద్దావిడ మెడలో విజిటర్ కార్డు ఊపుకుంటూ క్యాంటీన్‌లోకి వచ్చింది. ఆమె రసజ్ఞ తల్లి పుణ్యవతి. కూతురి స్నేహితురాలైన ఆ పెంకి పిల్ల స్టేటస్ చూసి మియాపూర్ నుంచి మెట్రోలో ఉన్నపళంగా వచ్చేసింది. నాదస్వరం సంచి కనబడగానే నేరుగా అక్కడికి వచ్చి నిలబడింది.

"మేళం మీదేనాండి? మా అమ్మాయికి తాళి కడుతుంటే, తల్లి ఏదని ఒక్కమాటైనా అడగాలనిపించలేదాండి మీకు?"

రామబ్రహ్మం జీవితంలో ఇన్ని పెళ్ళిళ్ళకు వాయించాడు గానీ, జరగని పెళ్ళికి సంజాయిషీ ఇవ్వాల్సి రావడం ఇదే మొదలు. ఈలోగా రిసెప్షన్ నుంచి కబురందిందేమో, రసజ్ఞ, ఆమె వెనక శ్యామ్, వాళ్ళ వెనక ప్రేమ్ కుమార్ పరిగెత్తుకొచ్చారు.

"అమ్మా, పెళ్ళేమిటి? అది సన్మానం" అంది రసజ్ఞ.

"దండలెందుకు? పూలెందుకు?"

"మేళం వినపడేసరికి అలవాటుకొద్దీ వేసేశారమ్మా."

పుణ్యవతి శ్యామ్ వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బాబూ."

"నిజమేనండి. ఇవాళ పెళ్ళేం కాలేదండి" అన్నాడు శ్యామ్.

"ఇవాళ అంటే?"

శ్యామ్ రసజ్ఞ వైపు చూశాడు. రసజ్ఞ నేల వైపు చూసింది.

"వచ్చే నెల మా వాళ్ళను తీసుకుని మీ ఇంటికొద్దామనుకుంటున్నామండి" అన్నాడు.

పుణ్యవతి కుర్చీ లాక్కుని కూచుంది. జయంతి మంచినీళ్ళిచ్చింది. ఆమె తాగి, కాసేపు కూతుర్ని చూసి, కాసేపు ఆ అబ్బాయిని చూసి, ఫోను తీసి మళ్ళీ ఆ వీడియో పెట్టింది. తిట్లు మొదలవుతాయని అందరూ ఎదురుచూశారు. ఆమె వీడియోను గట్టిమేళం ముందు దాకా రానిచ్చి, అక్కడ ఆపేసి, రామబ్రహ్మం వైపు తిరిగింది.

"ఇక్కడ మీరు తోడిలో గాంధారం ఊపి వదిలేశారండి. మెట్రోలో వస్తున్నంతసేపూ పిల్ల ఇలా చేసిందేమిటా అని ఒకపక్కా, ఆ తర్వాత మీరెటు వెళ్ళేవారా అని ఒకపక్కా. నేను బెజవాడ సంగీత కళాశాలలో డిప్లొమా చేశానండి. రేడియోలో ఆడిషన్ ఇవ్వాల్సిన రోజునే పెళ్ళిచూపులు పెట్టారు మా వాళ్ళు. ఇంతకీ ఎటు వెళ్ళేవారు?"

అరవయ్యేళ్ళ వయసులో రామబ్రహ్మాన్ని ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడ. ఆయన నాదస్వరం సంచి దగ్గరికి లాక్కున్నాడు.

"నాకే తెలీదమ్మా. గాంధారం దాటి వెళ్ళి చాలా ఏళ్ళయింది."

"అయితే వెళ్ళండి. నేను కూచుంటాను."

అప్పటిదాకా ఎవరికీ తట్టని ఉపాయం జయంతికి తట్టింది. బుల్లిబాబు డోలు పుల్ల తీసుకుని తన హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టి జిప్పు వేసేసింది. ప్రేమ్ కుమార్ ఎవరూ చెప్పకుండానే రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూచున్నాడు.

రామబ్రహ్మం వాయించాడు. ఈసారి గాంధారం దగ్గర ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉన్నాడు. అక్కడి నుంచి పైకి వెళ్ళాడు, ధైవతం దగ్గర మనసు తీరా తిరిగాడు, పై షడ్జం మీద నిలబడి గురువుగారు నేర్పినట్టు ఒకే ఊపిరిని పొడవుగా లాగాడు. పళ్ళు సలుపుతూనే ఉన్నాయి, ఆయన లెక్క చేయలేదు. గిన్నెలు కడిగే వాళ్ళు కుళాయిలు కట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. బుల్లిబాబు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, అందినంత అందుకుంటూ కళ్ళు తుడుచుకున్నాడు. దిగిరావడంలో కూడా ఆయన తొందరపడలేదు. బయలుదేరిన షడ్జం దగ్గరికే వచ్చి, దాన్ని మెల్లగా కింద పెట్టినట్టు ఆపాడు. తోడి పూర్తయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పుణ్యవతి చాలాసేపు పమిట మొహం మీద నుంచి తీయలేదు. తీశాక లేచి, రామబ్రహ్మానికి రెండు చేతులూ జోడించింది.

"నా జన్మకిది చాలండి. మా పిల్లల పెళ్ళికి మేళం మీదే, ఇప్పుడే చెబుతున్నాను" అంది. రామబ్రహ్మం పొంగిపోయి తలవంచాడు. ఆమె రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగింది. "కాకపోతే ముహూర్తంతో పని కదండి. ఆ రోజు మాత్రం రాగం ఇంత పొడుగొద్దు, గట్టిమేళం బాగా వాయించండి చాలు."

ఆ రోజు మొత్తంలో బుల్లిబాబుకు ఒక్క అక్షరం కూడా పోకుండా వినబడిన మాట అదే.