మలకీ కొట్టంలో ఆవు

ఆ శనివారం పొద్దున మలకీ గిల్‌రాయ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి పెరట్లో కొట్టంలోకి వెళ్లి గంటసేపు ఫ్లూటు సాధన చేయాలి. ఎనిమిదింటికి గడ్డం గీసుకోవాలి. తొమ్మిదిన్నరకల్లా ఇనుపసామాన్ల దుకాణం తెరవాలి. వీటిలో మొదటిది మాత్రం ఎవరికీ తెలియకూడదు.

దానికి కారణం ఉంది. డ్రమ్‌కీల్ అనే ఆ ఊరి పబ్‌లో ప్రతి ఆదివారం సాయంత్రం ఊళ్లో వాద్యాలున్న వాళ్లంతా చేరి పాత బాణీలు వాయిస్తారు. పొయ్యి పక్క కుర్చీ మలకీది. ముప్పై ఏళ్లుగా అందులో కూర్చుని, కళ్లు మూసుకుని, ఎవరు తాళం తప్పినా, ఎవరు ఊపిరి చాలక స్వరం మింగినా తల అడ్డంగా ఊపుతాడు. ఆయన తల నిలువుగా ఊగిందంటే ఆ వాయించినవాడి కాళ్లు వారం రోజులు నేల మీద ఆనవు. ఫ్లూటు గురించి ఆయనకు తెలియనిది లేదు, వాయించడం తప్ప. ఆ సంగతి మాత్రం ఎవరికీ తెలియదు; ఒకప్పుడు గొప్పగా వాయించి మానేశాడనే ఊరందరి నమ్మకం.

యాభై ఎనిమిదేళ్లు నిండాక ఆ లోటు ఆయన్ని లోలోపల తినడం మొదలుపెట్టింది. ఎవరికో బహుమతి అని బొంకి, పక్క జిల్లాలో ఒక నల్లచెక్క ఫ్లూటు కొన్నాడు. ఒక పుస్తకం, ఫోనులో కొన్ని వీడియోలు గురువులయ్యాయి. మూడు వారాల పాటు గాలి తప్ప ఏమీ రాలేదు. వచ్చినా ఒకటీ అరా, అదీ ఎలా వచ్చిందో తెలియకుండా. ఆ పొద్దున మాత్రం ఆరు రంధ్రాలూ మూసి ఊదితే అట్టడుగు స్వరం నిండుగా పలికింది. మలకీ ఒళ్లు పులకరించింది. మళ్లీ ఊదాడు. వరుసగా పదకొండుసార్లు ఊదాడు.

పన్నెండోసారి ఊపిరి పీల్చుకుంటుండగా కంచె అవతల నుంచి కేక వినిపించింది.

"పాకీ! ఓ పాకీ! నీ ఆవు ఈనలేక చచ్చిపోతోందయ్యా! దూడ అడ్డం తిరిగినట్టుంది, తొందరగా రా!"

అరిచింది నూలా మల్వీ. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి. మలకీ పక్కింట్లో ఒంటరిగా ఉంటుంది. ఆమె పొలాన్ని పాకీ అనే రైతు కౌలుకు తీసుకుని ఆవుల్ని మేపుకుంటున్నాడు.

ఆవు అన్నది తన స్వరాన్నేనని అర్థం కావడానికి మలకీకి రెండు క్షణాలు పట్టింది. అప్పటికే తలుపు దగ్గర అడుగుల చప్పుడు. ఫ్లూటు ఊడదీసి పెట్టెలో సర్దే వ్యవధి లేదు. బెల్టు వదులు చేసి ప్యాంటు కాలులోకి జారవిడిచి, బయటికొచ్చాడు.

"మలకీ, నువ్వు విన్నావా?" నూలా ఇంటి చెప్పులతోనే పరుగెత్తుకొచ్చింది.

"విన్నాను" అన్నాడు మలకీ. అది అబద్ధం కాదు కదా అని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

"ఎటువైపు నుంచి వచ్చింది?"

"అదీ... ఆ బురదనేల వైపు నుంచి" అని దూరంగా చెయ్యి చూపించాడు. ఇది మాత్రం అబద్ధమే.

పావుగంటలో పాకీ వచ్చి ఆవుల్ని లెక్కపెట్టాడు. పదహారుకు పదహారూ నిక్షేపంగా మేస్తున్నాయి. "అయితే ఎవరిదో ఆవు తప్పిపోయి కాలవలో పడుంటుంది" అని పశువుల డాక్టరు కాహల్‌కు ఫోను కొట్టాడు. కాహల్ కాఫీ మధ్యలో వదిలేసి వచ్చాడు. వస్తూనే ఆయన కారు బురదనేల అంచున ఇరుసు దాకా దిగబడింది. దాన్ని లాగడానికి పాకీ ట్రాక్టరు తెచ్చాడు. లాగాక, కాలవలో తొంగిచూడబోయి నడుం లోతు నీళ్లలో పడ్డాడు.

వాళ్ల వెనకాల మలకీ కుడికాలు వంచకుండా, కర్రలా ఈడ్చుకుంటూ నడిచాడు.

"కాలికేమైంది?" కాహల్ అడిగాడు.

"మోకాలు. చల్లగాలికి పట్టేస్తుంది."

"ఇంటికెళ్లి కూర్చోవయ్యా మహానుభావా, మేం చూసుకుంటాం."

"నోరులేని జీవం బాధపడుతుంటే ఇంట్లో ఎలా కూర్చోను?" అన్నాడు మలకీ. అన్నాక తన నోటిమీద తనకే అసహ్యం వేసింది.

రెండు గంటలు వెతికారు. మధ్యమధ్య కాహల్ చెయ్యెత్తి అందర్నీ ఆపి చెవులు రిక్కించేవాడు. నిశ్శబ్దం. నిశ్శబ్దం కాక ఏముంటుంది, ఆ ఆవు మలకీ ప్యాంటులో ఉంటే!

కాహల్ ఓపిక నశించింది. "అసలు ఆ అరుపు విన్నదెవరు? పాకీ, నువ్వు?"

"నేను ట్రాక్టరు మీదున్నాను. నాకేం వినపడలేదు."

"మలకీ?"

అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. కానీ బురదలో మునిగిన పాకీని చూశాడు, చిరాకుతో ఎర్రబడ్డ డాక్టరు మొహం చూశాడు. పైగా ఈ కాహలే ఆదివారాలు ఫ్లూటు వాయించేవాడు. కిందటి వారమే మలకీ తల అతని ముందు మూడుసార్లు అడ్డంగా ఊగింది.

"ఏమో... గాలి అయ్యుండొచ్చు" అన్నాడు మలకీ. "సరిగ్గా వినలేదేమో నేను."

నూలా తలతిప్పి ఆయనవైపు చూసింది.

ఇంతలో ఆమె కూతురు గ్రోన్యా కారు దిగింది. మీ అమ్మ ఇంటి చెప్పులతో బురదలో తిరుగుతోందని పాకీయే కబురు పెట్టాడు. గ్రోన్యా కోప్పడలేదు. తల్లి భుజం చుట్టూ కోటు కప్పి, రాతిగోడ మీద కూర్చోబెట్టింది.

"అమ్మా, మంగళవారం ఫోనులో ఏం చెప్పావు? ఆవు మూలుగుతోందన్నావు. గురువారం కూడా అన్నావు. ఆవూ లేదు, ఏమీ లేదు. సోమవారం డాక్టరు దగ్గర టైం తీసుకున్నాను, వెళ్దాం. ఆ తర్వాత నా దగ్గరే ఉందువుగాని. ఒంటరిగా ఇక వద్దు."

"నాకు వినిపించిందే" అంది నూలా. తర్వాత తన చేతులు చూసుకుంటూ, చిన్న గొంతుతో, "వినిపించిందనుకున్నాను" అంది.

ఆ రెండో మాట మలకీకి ముల్లులా దిగింది. మంగళవారం, గురువారం, శనివారం. తన సాధన రోజులు.

"ఆవిడకేం కాలేదు" అన్నాడు. "ఆ ఆవు నేనే."

అందరూ ఆయనవైపు చూశారు. మలకీ బెల్టు వదులు చేశాడు. గ్రోన్యా మొహం తిప్పుకుంది. ఆయన ప్యాంటులోంచి రెండడుగుల ఫ్లూటు బయటికి లాగాడు.

"మూడు వారాల నుంచి నేర్చుకుంటున్నాను. నాకు వాయించడం రాదు. ఏనాడూ రాలేదు" అని ఫ్లూటు పెదవికి ఆనించి ఊదాడు.

గాలి వచ్చింది. మళ్లీ ఊదాడు. మళ్లీ గాలే. పెదవులు ఎండిపోయాయి. ఎనిమిదిసార్లు ఊదితే ఎనిమిదిసార్లూ వేడి సూపు చల్లార్చుకుంటున్న చప్పుడే.

కాహల్ కళ్లు చెమర్చాయి. వచ్చి మలకీ భుజం తట్టాడు. "ముసలావిడ పరువు కాపాడటానికి నీ పరువు తీసుకుంటున్నావా మలకీ? ఎంత మంచి మనసయ్యా నీది! నువ్వు వాయించలేవంటే ఈ ఊళ్లో ఎవరు నమ్ముతారు?"

"నిజంగానే రాదయ్యా బాబూ!"

"సరే సరే" అన్నాడు పాకీ జాలిగా. గ్రోన్యా కూడా, "మీ మేలు మర్చిపోను" అని కళ్లొత్తుకుంది.

అబద్ధం చెప్తే నమ్మారు. నిజం చెప్తే దేవుణ్ణి చేశారు. మలకీకి భూమిలోకి కూరుకుపోవాలనిపించింది. అందుకు కావలసినంత బురద పక్కనే ఉంది.

నూలా గోడ మీద నుంచి లేచింది. "అలా కాదురా" అంటూ ఆయన చేతిలో ఫ్లూటును వేలెడంత బయటికి తిప్పింది. "పై పెదవి దించు. ఉమ్మేసినట్టు ఊదకు, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు వదులు. ఊఁ, ఇప్పుడు."

మలకీ వదిలాడు. నిండుగా, దీర్ఘంగా, ప్రాణం పోతున్నట్టు మూలుగు వచ్చింది. గట్టు మీద పదహారు ఆవులూ మేత మాని తలలెత్తాయి. కాహల్ చెయ్యి తనకు తెలియకుండానే మందుల సంచీ వైపు వెళ్లింది.

ఎవరూ నవ్వలేదు. నవ్వుంటే మలకీకి ప్రాణం కాస్త తేలికపడేది.

"మీకు వాయించడం వచ్చా?" అని మాత్రం అడగగలిగాడు.

"వచ్చేది" అంది నూలా. "మా ఆయన పోయాక ధైర్యం చేసి ఒక ఆదివారం పబ్‌కొచ్చి వాయించాను. నువ్వు కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపావు. మళ్లీ ముట్టుకోలేదు. పద్నాలుగేళ్లయింది."

మలకీకి ఆ ఆదివారం గుర్తులేదు. ఎంత వెతుక్కున్నా గుర్తురాలేదు. అదే ఆయనకు అన్నిటికన్నా సిగ్గనిపించింది.

గ్రోన్యా డాక్టరుకు ఫోను చేసి సోమవారం రావట్లేదని చెప్పింది. కాహల్ కారెక్కి, పాకీ ట్రాక్టరెక్కి వెళ్లిపోయారు. మలకీ మాత్రం అక్కడే నిలబడ్డాడు.

"నాకు నేర్పుతారా?" అన్నాడు.

నూలా ఆయన్ని ఎగాదిగా చూసింది. "మంగళవారం రా. ఫ్లూటు తేవద్దు. చెప్పాల్సినప్పుడు నోరు తెరవడం, అక్కర్లేనప్పుడు తల ఊపకుండా ఉండటం. ముందు ఆ పాఠం."

నాలుగు నెలలైంది. మలకీ ఇంకా ఆ పాఠంలోనే ఉన్నాడు.