ప్లగిన్‌ను తిట్టకండి!

ప్లగిన్‌ను తిట్టేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. వాళ్లకు వేగం పిచ్చి పట్టింది! పేజీ రెప్పపాటులో తెరుచుకోవాలట. తెరుచుకున్నాక ఏం ఊడబొడుస్తారు? ఓర్పు అనే మాట మరిచిపోయిన ఈ కాలంలో మనిషిని ముప్పావుగంట కదలకుండా కూర్చోబెట్టగలది ఇంకేముంది చెప్పండి!

ప్లగిన్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. ఒకప్పుడు బ్రౌజరుకు ఏ పనీ చేతకాదు. వీడియో ఆడాలన్నా, మ్యాప్ గీయాలన్నా బయటినుంచి ఒక సాయం తెచ్చి తగిలించాలి. అదే ప్లగిన్. ఇప్పుడు బ్రౌజరు ఎదిగింది. ఆ పనులన్నీ తానే చేసుకుంటోంది, అదీ పదిరెట్లు చురుగ్గా. అయితే మాత్రం? ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లు కృతఘ్నులు. మా ఆసుపత్రి ఉద్యోగుల బదిలీ ఆఫీసువారు అలాంటివాళ్లు కాదు. ఏరు దాటి ఇన్నేళ్లయినా తెప్పను నెత్తిన పెట్టుకుని తారు రోడ్డు మీద నడుస్తున్నారు!

ఆ ఆఫీసుతో నాకేం పనంటారా? నా చెల్లెలు నర్సు. ఆమె ఉద్యోగం ఒక ఊళ్లో, నాలుగేళ్ల కూతురు మా ఇంట్లో. బదిలీ దరఖాస్తుకు ఏడాదికి మూడే రోజులు గడువు. ఖాళీలున్న ఆసుపత్రిని మ్యాప్ మీద నొక్కి ఎంచుకోవాలి. ఆ మ్యాప్ గీసేది ప్లగిన్. ఆ ప్లగిన్ పనిచేసేది లోకం మొత్తంలో ఒక్క కంప్యూటరులో, ఆ ఆఫీసు మూలగదిలో. దాని నెత్తిన ఒక కాగితం: ‘అప్‌డేట్ చేసినవారిపై చర్య తీసుకోబడును.’

ప్లగిన్ లేవగానే ఉన్న మెమరీ అంతా మింగుతుంది. ఫ్యాను రొద మొదలవుతుంది. వెనకనుంచి వచ్చే వేడిగాలికి ఆపరేటరు తన తడి గొడుగు ఆరబెట్టుకుంటాడు. ఏ కొత్త టెక్నాలజీ అయినా మీ గొడుగు ఆరబెట్టిందా?

మా పక్కింటి ప్రోగ్రామరమ్మకు ఈ మర్మాలు తెలియవు పాపం. మ్యాప్‌తో సహా అదే దరఖాస్తును ఏ ప్లగినూ లేకుండా తయారుచేసి, తన ఫోనులో పెద్ద ఆఫీసరుకు చూపించింది. వేలు తగిలీ తగలగానే తెరుచుకుంది. ఆఫీసరు ఉలిక్కిపడ్డాడు.

“ఇంత తొందరగా వచ్చేసిందంటే లోపల ఏదో తక్కువైందమ్మా.”

“ఏమీ తగ్గలేదు సార్, అన్నీ ఉన్నాయి. ఆ పాతదే అనవసరంగా బరువు.”

“బరువుండాలి. ఆఫీసన్నాక బరువుండాలి. ఇంట్లో కూర్చుని ఫోన్లో నొక్కేస్తే ఇక మేమెందుకు?”

ఎంత నిజాయితీపరుడు! ఇంత సూటిగా ఒప్పుకునే ఆఫీసరు మీకెక్కడ దొరుకుతాడు?

పైగా ఆ ఒక్క కంప్యూటరు ముందు పెరిగే క్యూ వల్ల జరిగే మేలు చూడండి. ఇద్దరు ల్యాబ్ టెక్నీషియన్లకు నిలబడిన చోటే సంబంధం కుదిరింది. ఒక కాంపౌండరు వరసలో ఉండగానే రిటైరై, బదిలీ బాధ నుంచి శాశ్వతంగా విముక్తుడయ్యాడు. రెండు రోజులు నిలబడినా నా చెల్లెలి వంతు రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం వచ్చింది. నేను పక్కనే ఉన్నాను.

నాలుగుంబావుకు నొక్కితే చక్రం తిరగడం మొదలైంది. నాలుగున్నరకు నలభై శాతం. పావుతక్కువ ఐదుకు అరవై. పాప మా ఇంటినుంచి రెండుసార్లు ఫోన్ చేసింది. “అమ్మా, అయిపోయిందా? ఇక ఇక్కడే ఉంటావా?” అని అడిగింది. నా చెల్లెలు “ఇదిగో, అయిపోవచ్చిందిరా బంగారం” అంది, కళ్లు తెర మీదనుంచి తీయకుండా.

తొంభై ఏడు దగ్గర ఆగింది. ఐదయింది. ఆపరేటరు లేచి గొడుగు ముడుచుకున్నాడు.

“రెండు నిమిషాలు ఆగు బాబూ, మూడు శాతమే ఉంది!” అన్నాను.

“నా చేతుల్లో ఏముంది సార్? ఐదింటికి దానంతటదే మూసుకుంటుంది.”

మూసుకుంది. చెప్పొద్దూ, ఆ ఒక్క పనీ ఎంత చురుగ్గా చేసిందో!

ఆఫీసు మెట్ల మీద కూలబడి నా చెల్లెలు తన ఫోన్ తీసింది. ఇంతకాలం ఆ ఫోనులో ఆ పేజీ తెరిస్తే ‘ప్లగిన్ కావాలి’ అని తప్ప మరో ముక్క వచ్చేది కాదు. ఆశ చావదు కదా, అయినా నొక్కింది.

టక్కున తెరుచుకుంది! చక్రం లేదు, శాతాలు లేవు. ఫోను తెరకు అతికినట్టు ముచ్చటైన అక్షరాలు, చుట్టూ పూల అంచు. ‘గడువు ముగిసింది. వచ్చే ఏడాది ప్రయత్నించండి.’

“అన్నయ్యా, దీనికి ప్లగిన్ అక్కర్లేదా?” అంది నా చెల్లెలు. నాకు ఒళ్లు మండిపోయింది.

అందుకే పాఠకులారా, మా ఆఫీసువాళ్లకు కొత్త టెక్నాలజీ తెలియదని ఎవరైనా అంటే నమ్మకండి. శుభ్రంగా తెలుసు. లేదు పొమ్మని చెప్పడానికి దాన్నే వాడుతున్నారు.