రెండు కిలోల బార్లీ

ఆ ఉదయం చిన్నబ్బాయి వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. జల్లించి పెట్టిన రెండు కిలోల బార్లీని గుడ్డసంచిలో పోయాలి, మూతి కట్టాలి, మాల్టు ఫ్యాక్టరీ ఆఫీసరు రాగానే చేతికివ్వాలి, టీ ఇచ్చి పంపాలి. అంతే. నలభై దాటి చెవుల పక్కన జుట్టు నెరిసినా ఆ ఇంట్లో అతను చిన్నబ్బాయే. పెద్దబ్బాయి గోడకవతలి వాటాలో ఉంటాడు. ఇద్దరి చేలకూ మధ్య ఒక కాలవ, ఇద్దరి వాటాలకూ మధ్య ఒక గోడ, ఇద్దరికీ కలిపి ఒక షెడ్డు, ఒక అమ్మ.

కిందటేడాది ఇద్దరి బార్లీనీ ఫ్యాక్టరీ గేటు దగ్గరే వెనక్కి తిప్పారు. గింజ సన్నం, మాంసకృత్తులు ఎక్కువ, మాల్టుకు పనికిరాదు, దాణాకు అమ్ముకోండి అన్నారు. ఆ మాటను చిన్నబ్బాయి చాలాకాలం నెమరు వేశాడు. ఆఫీసరు సలహా అడిగి, ఈసారి పెందలాడే విత్తాడు. విత్తనం పలచగా వేశాడు. రెండో దఫా యూరియా మానేశాడు. యూరియా ఎక్కువైతే పైరు ఏపుగా ఎదుగుతుంది గానీ, గింజలో మాంసకృత్తులు పెరిగి మాల్టుకు చెడిపోతుందట. అన్నయ్యకు ఈ సంగతి మింగుడుపడలేదు.

"పైరంటే నల్లగా నిగనిగలాడాల్రా. నీ చేను చూడు, కామెర్లొచ్చినట్టు లేదూ?" అన్నాడు కాలవగట్టు మీద నిలబడి, నలుగురూ వినేలా.

చివరికి అమ్మ తీర్పు చెప్పింది. చిన్నబ్బాయి గింజ ఫ్యాక్టరీ పరీక్షలో నెగ్గితే వచ్చే ఏడు రెండు చేలూ అతని పద్ధతిలోనే. నెగ్గకపోతే రెండూ అన్నయ్య పద్ధతిలో, చిన్నబ్బాయి నోరెత్తకూడదు. నోరెత్తకుండా ఉండడం అతనికి కష్టం కాదు. లోపల మాట్లాడుకోవడానికే అతనికి రోజు చాలదు. అతను భయపడిందల్లా, ఏడాది పొడుగునా అన్నయ్య ముఖంలో చూడాల్సి వచ్చే జాలికి.

సంచి మూతి కట్టబోతూ, ఒక్కసారి తేమ చూసుకుంటే పోలేదా అనుకున్నాడు. ఉపద్రవం అక్కడ మొదలైంది. కోళ్ళ దాణా మిల్లు నడిపే బావమరిది కిందటి వారం వచ్చినప్పుడు తేమ కొలిచే మీటరు మరిచిపోయి వెళ్ళాడు. గుప్పెడు గింజలు అందులో పోసి మీట నొక్కాడు. పదహారు చూపించింది. ఫ్యాక్టరీ ఒప్పుకునేది పన్నెండు.

"నిన్న కొరికితే టక్కుమంది కదండీ," అంది భార్య.

"పంటికి తెలిసేదీ మిషనుకు తెలిసేదీ ఒకటేనా?"

గింజ బాగుందని ఆ మీటరు చెప్పి ఉంటే అతను తప్పకుండా అనుమానించేవాడు. అది అతని భయాన్నే అంకె వేసి చూపించింది కాబట్టి వెంటనే నమ్మేశాడు. బయట చూస్తే తెల్లవారినప్పటి నుంచీ మబ్బు. గింజల్ని దుప్పటి మీద పరిచి ఫ్యాను పెట్టాడు. గింజలు మంచం కిందికి దొర్లాయి గానీ మీటరు పదహారు దగ్గరే కూర్చుంది. భార్య జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి పట్టాడు. పొట్టు లేచి ఇద్దరి కళ్ళలోనూ పడింది. మీటరు కదల్లేదు.

"పోనీ, ఓవెన్‌లో పెడదామా?" అంది ఆవిడ కళ్ళు నులుముకుంటూ.

"అన్నిటికంటే తక్కువ వేడి మీద. గోరువెచ్చగా, అంతే. గింజ చావకూడదు. మాల్టంటేనే గింజ మొలకెత్తాలి."

"చంపనులెండి. మీరెళ్ళి గేటు దగ్గర నిలబడండి. మీరిక్కడుంటే నేను చస్తాను."

అతను వెళ్ళి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ మంచం కింద గింజలు ఏరడానికి వెళ్ళింది. ఆ కాస్త సందులో అమ్మ వంటింట్లోకి వచ్చింది. ఓవెన్‌లో పళ్ళెం నిండా బార్లీ, అడుగున మాత్రం సెగ ఉందో లేదో తెలియనంత. ఈ కాలం వాళ్ళకు గింజ వేయించడం కూడా రాదనుకుని, మీట చివరంటా తిప్పి, పెరట్లో మొక్కలకు నీళ్ళు పోయడానికి వెళ్ళిపోయింది.

వాసన గేటు దాకా వచ్చింది. కమ్మటి వాసన. చిన్నబ్బాయి ఒక్క క్షణం హాయిగా పీల్చి, అది ఏ వాసనో తట్టగానే పరుగెత్తాడు. పళ్ళెంలో రెండు కిలోల బార్లీ కాఫీ గింజల రంగులో మెరుస్తోంది.

"అత్తయ్యా, దీన్నెవరు తిప్పారు?"

"నేనేనే," అంది అమ్మ కిటికీలోంచి. "ఆ సెగ మీద పెడితే రేపటికి వేగుతాయా? జావకేగా?"

అంతలో గేటు ముందు వ్యాను ఆగింది. దిగింది ఆఫీసరు. ఆయన వెనకే, తమ్ముడి ఓటమిని దగ్గరుండి చూడడానికి ఉతికిన చొక్కా వేసుకుని వచ్చిన అన్నయ్య. లోపలికి అడుగు పెడుతూనే ముక్కు ఎగబీల్చాడు.

"ఏంట్రా ఈ వాసన?"

చిన్నబ్బాయి వంటింటి తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. జవాబు భార్య చెప్పింది.

"అత్తయ్యకు జావ కోసం బార్లీ వేయిస్తున్నాం బావగారూ. కడుపులో బాలేదంట."

"అమ్మకు బాలేదా? నాకెవరూ చెప్పరే! ఎప్పట్నుంచి?"

అన్నయ్య చెప్పులు విడిచేలోపు ఆవిడ వెనక తలుపులోంచి పెరట్లోకి దూసుకెళ్ళి, అమ్మ చేతిలో బకెట్టు లాగేసి, మంచం దగ్గరికి నడిపించింది.

"పడుకోండత్తయ్యా. తర్వాత చెప్తాను."

"ఎందుకే?"

"కడుపునొప్పి."

"నాకా?"

"మీకే."

కోడలి ముఖం చూసి అమ్మ ఇంకేమీ అడగకుండా పడుకుంది. అన్నయ్య ఒక్కసారి తల్లి కాళ్ళు తాకి చూసి, పెరట్లో నీళ్ళలో తడిసిన ఆ కాళ్ళు చల్లగా ఉండేసరికి బెదిరిపోయి, ఎదురింటి నర్సును కేకేశాడు. ముందుగదిలో ఆఫీసరు ఎదురుగా కూర్చున్న చిన్నబ్బాయికి లోపలి మాటలన్నీ వినిపిస్తున్నాయి.

"ఇక్కడ నొక్కితే నొప్పా పిన్నిగారూ?"

"ఆ... అక్కడే."

"అక్కడా? అయితే ఆలస్యం చెయ్యకూడదండీ. ఆసుపత్రికి తీసుకెళ్ళాలి."

"అక్కడ కాదులే అమ్మా," అంది అమ్మ వెంటనే. "కొంచెం పైన."

"ఇక్కడా?"

"ఎక్కడైతే ఆసుపత్రి అక్కర్లేదో చెప్పు, అక్కడ."

ఆఫీసరు టీ కప్పు కింద పెట్టాడు. "పాపం, పెద్దావిడ. సంచి తెస్తే చూసేస్తానండీ. మిషను వ్యాన్‌లోనే ఉంది. ఈ ఏడాది శాంపిళ్ళకు ఇవాళే ఆఖరు."

"షెడ్డులో ఉందండీ. ఇప్పుడే తెస్తాను," అన్నాడు చిన్నబ్బాయి. అలా అంటాడని అతనికే తెలియదు.

షెడ్డులో తన బార్లీ గోడవారగా ఉంది. దాని ముందు, నిన్న సాయంత్రం పేర్చిన అన్నయ్య బస్తాలు దూలం దాకా ఉన్నాయి. జరపాలంటే నలుగురు మనుషులు కావాలి. ఆ పక్కనే అన్నయ్య యూరియా బస్తాలు, మూతి కుట్టు కుట్టినట్టే ఉన్నాయి. వచ్చే ఏడుకు కూడా ఇప్పుడే కొని పెట్టుకున్నాడన్నమాట. ఒక మనిషికి అంత నమ్మకం ఎలా కుదురుతుంది? చిన్నబ్బాయి ఆ బస్తాల ముందు కాసేపు అసూయగా నిలబడ్డాడు.

మాడిన గింజ ఇస్తే ఓటమి, పైన నవ్వులపాటు. అన్నయ్య గింజ ఇస్తే వట్టి ఓటమి. పైగా ఓడిపోయేది అన్నయ్య గింజ. ఆ సంగతి అన్నయ్యకు తెలియదు. ఏడాది పొడుగునా అతను జాలిగా చూసినప్పుడల్లా తను లోపల ఒక్క పిసరు నవ్వుకోవచ్చు. నిజం చెప్పేస్తే పోలేదా అన్న ఊహ కూడా వచ్చింది. దాన్ని అన్ని వైపుల నుంచీ తిప్పి చూసేలోగా బయట వ్యాను హారన్ మోగింది. అతను అన్నయ్య బస్తా ఒకదాని మూతి విప్పి సంచి నింపాడు.

వ్యాను దగ్గరికి అందరూ చేరారు. అమ్మకు వాయువేనని నర్సు తేల్చడంతో అన్నయ్య కూడా కుదుటపడి, మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు. ఆఫీసరు ముందు తేమ చూశాడు. పదకొండు.

"మా మీటరు పదహారు చూపించిందండీ," అన్నాడు చిన్నబ్బాయి ఉండబట్టలేక.

ఆఫీసరు దాన్ని తెప్పించి వెనక్కి తిప్పి చూశాడు. "ఇది మొక్కజొన్న కొలవడానికి పెట్టుందండీ. బార్లీని దీంట్లో పోస్తే దానికేం తెలుస్తుంది?"

భార్య ఓవెన్ ఉన్న దిక్కుకు చూసి, తర్వాత మొగుడి దిక్కుకు చూసింది.  అది చాలాకాలం దాచుకునే రకం చూపు.

ఆఫీసరు జల్లెడ పట్టాడు. గింజలు బొద్దుగా, దాదాపు అన్నీ పైనే నిలిచాయి. వాటి మధ్య నుంచి ఏదో ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. "ఆవగింజలొచ్చాయే. మీ చేలో ఆవాలు వేశారా?"

"లేదండీ," అనేశాడు చిన్నబ్బాయి.

ఆవాలు వేసింది వదిన, అన్నయ్య చేని గట్టు వెంట. మీసం మీద తిరుగుతున్న అన్నయ్య చెయ్యి ఆగిపోయింది.

మిషను చిన్నగా గురక పెట్టి అంకె చూపించింది. "పదిన్నర!" అన్నాడు ఆఫీసరు. "మాంసకృత్తులు ఎంతుండాలో అంతే ఉన్నాయి. మొదటి రకమండీ ఇది. రెండో దఫా యూరియా వెయ్యలేదు కదూ? నేను చెప్పింది చెప్పినట్టు చేశారు."

చిన్నబ్బాయి తలలో సంగతులు ఒక్కొక్కటే వచ్చి కూర్చున్నాయి. కుట్టు విప్పని యూరియా బస్తాలు. ట్రాక్టరు ఖాళీగా ఉందంటూ అన్నయ్య కూడా పెందలాడే విత్తడం. అన్నయ్య పైరు కూడా పాలిపోయిందేమని తను అడిగితే, చలికి అలా అయిందని కసరడం. తలెత్తి అన్నయ్యను చూశాడు. అన్నయ్య ఆఫీసరు అరచేతిలోని ఆవగింజను చూస్తున్నాడు. ఇద్దరి చెవులూ ఎర్రబడ్డాయి.

"ఏమంటారు పెద్దాయనా?" అన్నాడు ఆఫీసరు.

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "వాడు చెప్పినదాంట్లో ఏదో ఉన్నట్టే ఉందండీ."

"మరి మీ గింజ కూడా ఇవ్వండి, చూసేద్దాం."

"నాదెందుకు లెండి సార్. చూసినట్టే."

వ్యాను వెళ్ళిపోయింది. భార్య లోపలికి వెళ్ళింది. గేటు దగ్గర అన్నదమ్ములిద్దరే మిగిలారు.

"షెడ్డులో ఎలకలు తిరుగుతున్నట్టున్నాయిరా," అన్నాడు అన్నయ్య రోడ్డు కేసి చూస్తూ. "నా బస్తా మూతి ఒకటి విప్పి ఉంటుంది."

"కట్టేస్తాలే అన్నయ్యా. యూరియా జోలికి మాత్రం ఎలకలు పోలేదు. కుట్టు కుట్టినట్టే ఉంది."

అన్నయ్య గేటు గడియ వేసి, మళ్ళీ తీశాడు.

"ఈ ఏడు చలి మరీ ఎక్కువ," అన్నాడు చివరికి.

"అవునన్నయ్యా. ఎక్కువే."

అన్నయ్య ముఖంలో జాలి ఉందేమోనని చిన్నబ్బాయి వెతికాడు. లేదు. గెలిచి కూడా గెలిచానని చెప్పుకోలేని మనిషి ముఖం అది. తన ముఖం కూడా సరిగ్గా అలాగే ఉందని అతనికి అద్దం లేకుండానే తెలిసింది.

"ఒరేయ్, ఇంక లేవొచ్చా?" అని లోపల్నుంచి అమ్మ కేకేసింది.

"పడుకో అమ్మా!" అన్నారు కొడుకులిద్దరూ ఒక్కసారే.

మర్నాడు అన్నయ్య మనుషుల్ని పెట్టి, తమ్ముడి బస్తాలు ముందుకొచ్చేలా షెడ్డు మళ్ళీ సర్దించాడు. లారీ వచ్చినప్పుడు ఇద్దరివీ కలిసే వెళ్ళాయి, ఫ్యాక్టరీ అన్నీ తీసుకుంది, ఏది ఎవరి గింజో అక్కడ ఎవరూ అడగలేదు. వచ్చే ఏడు రెండు చేలూ చిన్నబ్బాయి పద్ధతిలోనే అని అన్నయ్య నలుగురిలోనూ చెప్పాడు, పెద్ద మనసున్నవాడిలా.

వేయించిన బార్లీని భార్య పొడి కొట్టించి డబ్బాలో పోసింది. అసలు లేని జబ్బు కాబట్టి తగ్గిందని చెప్పే వీలు ఎవరికీ లేక, డబ్బా ఖాళీ అయ్యేదాకా అమ్మ రెండు పూటలా జావే తాగింది.